ఆషాఢం లోపు రేసు కారు: మల్కాజ్‌గిరి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

మార్చి 9, ఆదివారం

రిమోట్‌తో నడిపే నా చిన్న రేసు కారు, రెండో హీట్ (చిన్న రౌండు), నాలుగో ల్యాపు. స్ట్రెయిట్ చివర బ్రేకు నొక్కితే వెనక చక్రాలు పట్టాయి, ముందువి పట్టలేదు, కారు గిర్రున తిరిగి వెళ్లి సిమెంటు కట్టకి గుద్దుకుంది. తెచ్చి బాడీ తీసి చూస్తే ముందు చక్రాలని తిప్పే బెల్టుకి ఒక అంగుళం మేర పళ్లే లేవు, నున్నగా అరిగిపోయింది. పుల్లీ పక్కన జొన్న గింజంత కంకర రాయి ఇరుక్కుని ఉంది. గుద్దుకున్న దెబ్బకి కుడి ముందు ఆర్మ్ (చక్రాన్ని పట్టుకునే చెయ్యి) కూడా విరిగింది.

ఆర్మ్ విరిగినందుకు బాధ లేదు, రేసు అన్నాక విరుగుతాయి. అసలు బాధ ఏంటంటే ఈ సెకండ్‌హ్యాండ్ కారుకి ఆ ఆర్మ్ కావాలంటే పోయినసారి 24 రోజులు ఎదురుచూశాను. బెల్టుకి ఇంకా ఎక్కువ. జనవరి నుంచి లెక్క వేసుకుంటే ఏడు ఆదివారాల్లో నేను పూర్తిగా కారు నడిపింది రెండే రెండు ఆదివారాలు. మిగతా రోజులు పొద్దున్నే లేచి ఉప్పల్ దాకా వెళ్లి, వేరే వాళ్ల కార్ల ల్యాపులు లెక్కపెట్టి వచ్చాను.

అందుకే ఇవాళ తిరిగి వస్తూ దారిలోనే నిర్ణయించుకున్నాను. ఈ కారు అమ్మేస్తాను. రేడియో (రిమోట్), సర్వో (ముందు చక్రాలని మలుపు తిప్పే చిన్న మోటారు), ఛార్జర్, హాబీవింగ్ 1060 ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది) మాత్రం ఉంచుకుంటాను. కొత్త చాసీ (కారు చట్రం) కొని, కట్టి, ఆషాఢం నాటికి సిద్ధం చేయాలి. ఆషాఢమే ఎందుకంటే మేము కార్లు తిప్పేది ఒక ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో. ముహూర్తాలున్న రోజు అక్కడ అడుగు పెట్టే వీల్లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి మా తొమ్మిది మందికి అసలు సీజన్ అదే, ఈసారి మొదటి రేసు జూన్ 29న.

మార్చి 15, శనివారం

వారమంతా ఆఫీసు నుంచి వచ్చాక ఇదే పని. ముందు మా ట్రాక్ గురించి రాసుకుంటాను, ఎందుకంటే ఏ కారు మంచిది అన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. పాత తారు, మధ్యలో రెండు చోట్ల సిమెంటు ప్యాచ్‌లు, స్ట్రెయిట్ ముప్పై అయిదు మీటర్లు. ఎంత ఊడ్చినా అంచుల నుంచి సన్న కంకర, ఇసుక వస్తూనే ఉంటాయి. లైనుకి ఇసుక నింపిన నీళ్ల పైపులు వేస్తాం, వాటి మీదికి ఎక్కితే కారు ఎగురుతుంది. పైపు దాటితే సిమెంటు కట్ట. మా రూలు సింపుల్: 1/10 స్కేలు (అసలు కారులో పదో వంతు), ఫోర్ వీల్ డ్రైవ్, సిల్వర్ క్యాన్ అని పిలిచే మామూలు 540 మోటారు, రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అందరికీ ఒకే టైరు, అయిదు నిమిషాల హీట్లు.

ఎక్స్‌రే ఎక్స్4 గురించి మా గ్రూపులో అందరం మాట్లాడుకుంటాం. స్లొవేకియా కారు, చూడ్డానికి గడియారం లోపలి భాగంలా ఉంటుంది. బాగా పరిచిన తారు మీదో కార్పెట్ మీదో అయిదు మిల్లీమీటర్ల ఎత్తులో పరిగెత్తడానికి పుట్టిన కారు అది. మా పార్కింగ్‌లో అయిదు మిల్లీమీటర్ల ఎత్తంటే మొదటి సిమెంటు ప్యాచ్ దగ్గరే అడుగు గీసుకుపోతుంది. పైగా నా బడ్జెట్ అన్నీ కలిపి 25 వేలు. 3రేసింగ్ వాళ్ల సకురా కార్లు ఆ ధరకి దగ్గరగా వస్తాయి కానీ అందులోనూ బెల్టులే, బెల్టుకి కంకరకి పొత్తు కుదరదని మొన్ననే చూశాను. ట్రాక్సస్ 4-టెక్ షాఫ్ట్ డ్రైవే (బెల్టు బదులు కడ్డీతో చక్రాలు తిప్పేది), గట్టి కారే, కానీ అది టైటన్ 550 మోటారుతో వస్తుంది, మాది 540 క్లాసు. రూలు కోసం కొత్త కారుని విప్పి మార్చుకోవడం నాకు నచ్చలేదు.

మిగిలింది టమియా టీటీ-02. 2013 నుంచి ఉన్న చాసీ. స్నానాల తొట్టిలా ఉండే ప్లాస్టిక్ టబ్, మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక్క ప్రొపెల్లర్ షాఫ్ట్, రెండు వైపులా మూసి ఉన్న గేర్‌బాక్సులు, స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద గేరు) మీద కూడా మూత. రాయి వెళ్లడానికి సందు తక్కువ. గ్రూపులో కొంతమంది దీన్ని మొదటిసారి కొనేవాళ్ల కారు అంటారు. నాకు ఆ మాట సరిగ్గా అనిపించదు. అసలు ఈ టూరింగ్ క్లాసు (తారు మీద తిరిగే కార్ల తరగతి) మొదలైన తీరు చూస్తే, టమియా 1991లో తెచ్చిన టీఏ01 చాసీ మట్టిలో తిరిగే మాంటా రే బగ్గీ నుంచి వచ్చింది. దుమ్ములో నలిగిన చాసీని కిందికి దించి తారు మీదికి తెచ్చారన్నమాట. మా పార్కింగ్‌కి ఆ వంశం కారే సరిపోతుంది.

ఇంకో పని కూడా చేశాను, ఇది కొనే ముందు అందరూ చేయాలి. కారు ధర కన్నా ముందు అయిదు పార్టుల సంగతి చూశాను: ముందు ఆర్మ్, సి-హబ్, నకిల్ (ఈ రెండూ ఆర్మ్ చివర చక్రాన్ని పట్టుకునే ముక్కలు), స్పర్ గేరు, చాసీ టబ్. ఈ అయిదూ మన దేశంలో స్టాకులో ఉన్నాయా, ఎన్ని రోజుల్లో వస్తాయి, ఒక్కోటి ఎంత? టమియా వాళ్లు ప్లాస్టిక్ పార్టులు విడిగా కాక అచ్చులో పోసిన చెట్టు చెట్టుగానే అమ్ముతారు. ఒక చెట్టు కొంటే కావాల్సిన పార్టుతో పాటు నాలుగు స్పేర్లు కూడా చేతికొస్తాయి. టీటీ-02కి అయిదూ దొరికాయి. ఆర్డర్ పెట్టేశాను.

రాత్రి అన్నం తింటూ నాన్నకి చెప్పాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. అంతా విని, "గట్టి కారు అంటున్నవ్ గద బిడ్డా, అసలు పగలకుండ ఉండాల్నా, లేకుంటే పగిలినా జల్ది అయ్యేటట్టు ఉండాల్నా?" అని అడిగారు. రెండూ అన్నాను. "రెండూ దొరకయి. ఏది పగలాల్నో ముందుగాల సోచాయించు" అన్నారు.

మార్చి 22, శనివారం

బేరింగుల కోసం రాణీగంజ్ వెళ్లాం. ఈ కారు విడి పార్టుల కిట్‌గా వస్తుంది, అందులో చక్రాలు, షాఫ్టులు తిరిగే చోట ప్లాస్టిక్ బుష్‌లు (రింగులు) ఉంటాయి. నడుస్తుంది, కానీ ఇసుకలో బుష్ అరిగితే చక్రం ఆడుతుంది, ఆ ఆట మెల్లగా గేర్ల దాకా పాకుతుంది. కారు గట్టిగా ఉండాలంటే మొదటి ఖర్చు బేరింగులదే. మోటారు, అల్యూమినియం, రంగు, అన్నీ తర్వాతే.

టమియా లెక్కలో ఆ సైజుని 1150 అంటారు: బయట 11 మి.మీ., లోపల 5 మి.మీ., మందం 4 మి.మీ. షాపతను వినగానే "685 తీస్కోండి, గదే సైజు" అని డబ్బా ముందు పెట్టాడు. చూడ్డానికి అచ్చం అదే. నాన్న చొక్కా జేబులోంచి వెర్నియర్ తీశారు. బయట 11, లోపల 5, సరే. పక్కకి తిప్పి మందం పట్టారు: 5. ఒక్క మిల్లీమీటరే, కానీ ఆ మిల్లీమీటరు ఎక్కువైతే బేరింగు హబ్‌లో పూర్తిగా దిగదు, బిగిస్తే చక్రం పట్టేస్తుంది. "ఎంఆర్115 కావాలె, రెండు దిక్కుల షీల్డ్‌ది" అన్నారు నాన్న. షాపతను పైకి వెళ్లి అయిదు నిమిషాల తర్వాత చిన్న కవరుతో వచ్చాడు. ప్రతి బేరింగునీ నాన్న వేలి మీద పెట్టి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. రెండింటిని వెనక్కిచ్చేశారు. నాకు ఏ తేడా వినిపించలేదు, ఆయనకి వినిపించింది.

అదే బజార్లో నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు), చిన్న బ్రష్‌లు, 6 మి.మీ. ఇనుప పట్టీ ముక్క కూడా కొన్నాం. పట్టీ కారు ఎత్తు చూసుకోవడానికి. దాని మీదుగా చాసీ తగలకుండా పోతే ఎత్తు సరిపోయినట్టు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడి తిని పది గంటలకి డాబా మీద కూర్చున్నాం, కారు కిట్ డబ్బా మొన్న గురువారమే వచ్చింది. స్క్రూలన్నీ ఎ, బి, సి అని గుర్తులున్న సంచుల్లో ఉన్నాయి. ఒక్కో సంచీ ఒక్కో స్టీలు గిన్నెలో పోసుకున్నాం, అమ్మ గిన్నెలు లెక్కపెట్టుకుని మరీ ఇచ్చింది.

మొదటి స్క్రూకే ఆగాం. ఇవి జపాన్ పద్ధతి జిస్ తలలు, మన ఇళ్లల్లో ఉండే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అడుగుదాకా దిగదు, బలం పెడితే పైకి జారి తల నలిగిపోతుంది. ఇప్పుడు నలిగితే ఆర్నెల్ల తర్వాత రేసు మధ్యలో ఆ స్క్రూ ఊడదు. నాన్న పాత రెండో నంబరు స్క్రూడ్రైవర్ కొనని గ్రైండింగ్ రాయి మీద వెంట్రుకవాసి అరగదీశారు. మళ్లీ పెట్టి చూశారు, మళ్లీ అరగదీశారు. మూడోసారికి స్క్రూ తలలో కదలకుండా కూర్చుంది, స్క్రూడ్రైవర్ అడ్డంగా పట్టుకున్నా స్క్రూ రాలిపడలేదు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పారు: మొదట ఒక చుట్టు వెనక్కి తిప్పాలి, టక్కుమని పాత గాడిలో పడ్డట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు ముందుకి బిగించాలి. విప్పి మళ్లీ బిగించే ప్రతిసారీ ఇలాగే చేస్తే ప్లాస్టిక్‌లో మర ఎక్కువ కాలం ఉంటుంది. నా పాత కారులో సగం రంధ్రాలు ఎందుకు వదులయ్యాయో ఇవాళ అర్థమైంది.

డిఫ్‌లు (మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చేవి) రెండూ గేర్ డిఫ్‌లే. ముందు దాంట్లో బాగా చిక్కటి యాంటీ-వేర్ గ్రీజు కూరాను, వెనక దాంట్లో కిట్ గ్రీజే. ముందు కాస్త బిగువుగా ఉంటే మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు లోపలి చక్రం ఉత్తగా తిరగదు, వెనక తేలిగ్గా ఉంటే తోక ఊగదు. గ్రీజు ఎక్కువైనా నష్టం లేదు, శుభ్రం చేసేటప్పుడు చేతులు జిడ్డు, అంతే.

మోటారు మీది చిన్న గేరు, అంటే పినియన్, 22 పళ్లు, స్పర్ 70. లోపలి గేర్లతో కలిపి చక్రం ఒకసారి తిరగడానికి మోటారు 8.27 సార్లు తిరగాలి. ఈ కారులో పినియన్ సైజుని బట్టి మోటారు ఎక్కడ బిగించాలో రంధ్రాలు ముందే ఉన్నాయి, గేర్ల మధ్య సందుని కంటితో కొలుచుకునే పని లేదు. పినియన్ గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) మోటారు షాఫ్ట్ చదును వైపే కూర్చోవాలి, దానికి ఒక చుక్క లాక్‌టైట్. ప్లాస్టిక్‌కి మాత్రం లాక్‌టైట్ తగలకూడదు, పగుళ్లు వస్తాయి.

సాయంత్రానికి చక్రాలు బిగించాం. చేత్తో తోస్తే డాబా ఈ చివర నుంచి ఆ చివర దాకా చప్పుడు లేకుండా వెళ్లింది.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి, ట్రాక్ లేదు. ఇంట్లోనే సర్వో, ఈఎస్‌సీ, బాడీ.

సర్వో సేవర్ గురించి నాలుగు మాటలు. చక్రానికి దెబ్బ తగిలితే ఆ తోపు సర్వో గేర్ల దాకా వెళ్లకుండా మధ్యలో వంగి ఇచ్చేది ఇది. మరీ మెత్తగా ఉంటే నువ్వు తిప్పినంత చక్రం తిరగదు, ప్రతి మలుపుకీ ఒక్కోలా తిరుగుతుంది. తీసేసి వంగని హార్న్ (సర్వో తిప్పే చెయ్యి) పెడితే మొదటి దెబ్బకే సర్వో పళ్లు రాలతాయి. నేను స్ప్రింగు రింగులున్న గట్టి రకం పెట్టాను, కిట్‌లో వచ్చిన దాని మీద డబ్బు ఖర్చు పెట్టదగ్గ రెండో చోటు ఇదే.

బాడీ పాలీకార్బొనేట్, రంగు లోపలి వైపు వేస్తాం కాబట్టి గీతలు పడినా రంగు పోదు. రంగు ఆరాక బంపర్ లోపల, చక్రాల ఒంపుల దగ్గర జిప్సం సీలింగ్ వాళ్లు అతుకులకి వాడే జాలీ టేపు పరిచి దాని మీద ఫెవిబాండ్ పలచగా రుద్దాను. పగిలాక కాదు, పగలక ముందే వేయాలి. ఒక్కసారి పగులు మొదలైతే అది అంచు దాకా పోతుంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మొదటి పరుగు. ఏడున్నరకి మొదలుపెట్టి మూడు బ్యాటరీ ప్యాకులు అయ్యేదాకా తిప్పాను. చెప్పుకోవడానికి ఏం లేదు, అదే నాకు కావాల్సింది. పాత కారు కన్నా ల్యాపుకి దాదాపు అర సెకను నెమ్మది, కానీ అయిదు నిమిషాలూ అదే టైము. పైపు మీదికి రెండుసార్లు ఎక్కింది, దిగింది, వెళ్లిపోయింది. ఇంటికొచ్చి స్పర్ మూత తీసి చూస్తే లోపల దుమ్ము ఉంది, రాయి లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఎండ. పదిన్నరకి తారు మీద టెంపరేచర్ గన్ పెడితే 58 డిగ్రీలు చూపించింది. అయిదు నిమిషాల హీట్ అవ్వగానే మోటారు డబ్బా మీద పెడితే 86. సిల్వర్ క్యాన్‌కి ఇలా రెండు నెలలు పోతే బ్రష్‌లు, కమ్యుటేటర్ (మోటారు లోపల కరెంటు అందించే భాగాలు) త్వరగా అయిపోతాయి, ఊపు తగ్గిపోతుంది. విప్పి బాగుచేసుకునే మోటారు కాదు అది.

పినియన్ 22 తీసి 20 పెట్టాను. లెక్క 9.10కి వచ్చింది. స్ట్రెయిట్ చివర కాస్త వేగం తగ్గింది, మలుపు నుంచి లేవడం మాత్రం చురుగ్గా ఉంది, మా చిన్న ట్రాక్‌కి నష్టమేం లేదు. తర్వాతి హీట్ కాగానే 74. మా గ్రూపులో ఇంకా చాలామంది పెద్ద పినియన్ అంటే పెద్ద వేగం అనుకుంటున్నారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో కారు మన్నాలంటే చిన్న పినియన్ పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

టైర్ల మీద ఉండే 24, 28, 32, 36 నంబర్లు కూడా ఇలాంటి సంగతే. నంబరు పెరిగేకొద్దీ గట్టి రబ్బరు, వేడి తారుకి. మేము అందరం ఈ సీజన్‌కి 36 పెట్టుకున్నాం, మెత్తటిది అయితే ఈ తారు మీద రెండు ఆదివారాల్లో గుండు అవుతుంది.

బ్యాటరీలు స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో వదలకండి. నేను మందపాటి బట్టలో చుట్టి కాళ్ల దగ్గర సంచీలో తెచ్చుకుంటున్నాను. ఇంట్లో మట్టి కుండలో పెట్టి, పక్కనే కూర్చుని ఛార్జ్ చేస్తాను, వారం మధ్యలో సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచుతాను. ఇంకోటి, ఈ చాసీలో బ్యాటరీ గాడి గుండ్రటి అంచుల స్టిక్ ప్యాకుకి చేసినది, పలక అంచుల హార్డ్‌కేస్ (గట్టి పెట్టెలో వచ్చే) బ్యాటరీ కొనే ముందు కొలుచుకోండి.

మే 11, ఆదివారం

ఈ రోజు రాయాల్సింది చాలా ఉంది.

పోయిన వారం గ్రూపులో ఒక అన్న అల్యూమినియం ముందు ఆర్మ్‌లు తెచ్చాడు. "ప్లాస్టిక్‌వి ఎన్నిసార్లు మారుస్తవ్ చెల్లె, ఇవి పెట్టు, లైఫ్ మొత్తం చూస్కోనక్కర్లే" అన్నాడు. మంచి మనసుతోనే ఇచ్చాడు. నీలం రంగులో మెరుస్తూ ఉన్నాయి, చేతిలో పట్టుకుంటే ఇక ఇవి పగలవు అనిపిస్తుంది. నిజంగానే పగల్లేదు.

మూడో హీట్‌లో ముందు కారు స్పిన్ అయింది, తప్పించబోయి పైపు ఎక్కి నేరుగా సిమెంటు కట్టకి కొట్టాను. చప్పుడు మామూలుగా లేదు. కారు ఎత్తి చూస్తే ఆర్మ్ మీద గీత తప్ప ఏమీ లేదు. చక్రం మాత్రం లోపలికి వాలి ఉంది. తిప్పి చూస్తే ఆర్మ్‌ని చాసీకి కలిపే సస్పెన్షన్ పిన్ను వంగింది, ఆ పిన్నుని పట్టుకునే చోట చాసీ టబ్ చీలింది, చీలిక బంపర్ దిక్కు నుంచి గేర్‌బాక్సు కింద దాకా వెళ్లింది.

ప్లాస్టిక్ ఆర్మ్ ఉండుంటే ఆర్మ్ విరిగేది, పది నిమిషాల్లో మార్చుకుని నాలుగో హీట్‌కి వెళ్లేదాన్ని. ఇప్పుడు టబ్ మార్చాలంటే గేర్‌బాక్సులు, షాఫ్ట్, సర్వో, మోటారు, వైర్లు, మొత్తం కారు ఊడదీయాలి.

ఇంటికి వచ్చాక నాన్న ముందు పెట్టాను. చాలాసేపు వేలితో చీలిక వెంబడి తడిమారు. "ఫ్యూజు ఎందుకు పెడ్తరు బిడ్డా?" అన్నారు. వైరు కాలకుండా అన్నాను. "నువ్వు ఫ్యూజు తీసి మొల పెట్టినవ్." వర్క్‌షాపులో పెద్ద మిషన్లకి షియర్ పిన్ అని ఒకటి ఉంటుందట, లోడ్ మించితే అదే తెగాలని కావాలనే బలహీనంగా చేస్తారు, తెగితే కొత్త పిన్ను కొట్టి గంటలో మిషన్ నడిపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో గట్టి ఇనుముతో పిన్ను చేసి పెడితే లోపల గేరు పోయిందని, ఆ మిషన్ మళ్లీ తిరగడానికి చాలా రోజులు పట్టిందని చెప్పారు.

మార్చిలో ఆయన అడిగిన ప్రశ్న ఇవాళ చేతికి తగిలింది. రేసు కారులో దెబ్బ ఎక్కడికో అక్కడికి పోవాలి. అది నాకు అందుబాటులో ఉన్న, చవకైన, రెండు స్క్రూలతో ఊడే పార్టు దగ్గర ఆగాలి. నా కారులో ఆ పార్టు ముందు ఆర్మ్, దాని తర్వాత సి-హబ్. ఆ రెండూ ప్లాస్టిక్‌గానే ఉంటాయి. అల్యూమినియం పెట్టాల్సింది దెబ్బ తగలని చోట, అరుగుదల ఉన్న చోట: ప్రొపెల్లర్ షాఫ్ట్, మోటారు ప్లేటు. మోటారు ప్లేటు వేడిని కూడా లాగుతుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల రేసు) జరిగినప్పుడు గోడల మధ్య ఆ కార్లు చూసే నాకు ఈ పిచ్చి పట్టింది. ఆ రోజు జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. పోల్‌లో మొదలైన కారుని సొంత టీమ్ కారే గుద్దడంతో రెండూ రేసు నుంచి బయటికి వెళ్లిపోయాయి. అందరికన్నా ముందు మొదలైనా చివరి దాకా నడవకపోతే లెక్కలోకి రాదు. ఇవాళ ఆ రెండు కార్లే గుర్తొచ్చాయి.

ఆర్మ్‌లు ఆ అన్నకి తిరిగి ఇచ్చేశాను, కారణం కూడా చెప్పాను. చీలిన టబ్ చేతిలోకి తీసుకుని చూసి తను కూడా తన కారువి తీసేశాడు.

మే 25, ఆదివారం

కొత్త టబ్ తొమ్మిది రోజుల్లో వచ్చింది. నిన్న, ఇవాళ కలిపి నాలుగున్నర గంటల పని. ఈసారి స్క్రూడ్రైవర్ నా చేతిలోనే ఉంది, నాన్న పక్కన కూర్చుని చూశారు. బేరింగులన్నీ తీసి తిప్పి చూశాను, వెనక కుడి చక్రంలో ఒకటి గరగరమంది. ఇప్పుడు నాకు కూడా వినిపిస్తోంది.

రేసు డబ్బాలో ఏం ఉండాలో కూడా తేల్చుకున్నాను: ముందు ఆర్మ్‌లు రెండు జతలు, సి-హబ్‌లు, నకిల్‌లు, సస్పెన్షన్ పిన్నులు, స్పర్ ఒకటి, బాడీ క్లిప్పులు గుప్పెడు. ఇంట్లో గడియారం పెట్టుకుని ముందు ఆర్మ్ మార్చడం ప్రాక్టీస్ చేశాను. మొదట 17 నిమిషాలు పట్టింది, అయిదోసారికి 9.

జూన్ 15, ఆదివారం

రాత్రి వాన పడింది, పొద్దున ట్రాక్ మీద అక్కడక్కడా నీళ్లు. మూడు కార్లు దిగాయి, నేను దించలేదు. సర్వో, ఈఎస్‌సీ, రిసీవర్, మూడూ తడికి భయపడేవే. బేరింగుల్లో నీళ్లతో పాటు వెళ్లే బురద ఎండాక రాయిలా పట్టేస్తుంది. తడిలో తిప్పాల్సి వస్తే ఆ సాయంత్రమే బేరింగులు తీసి కడిగి నూనె వేసే ఓపిక ఉండాలి, ఇవాళ సాయంత్రం నాకు ఊళ్లో పని ఉంది.

జూన్ 29, ఆదివారం

ఆషాఢం మొదటి ఆదివారం. పార్కింగ్ ఖాళీ, ఆకాశం మబ్బు పట్టి ఉంది, తారు 34 డిగ్రీలు. తొమ్మిది కార్లు. నాన్న కూడా వచ్చారు, ప్లాస్టిక్ కుర్చీ, వెర్నియర్, పాత స్క్రూడ్రైవర్‌తో.

మొదటి హీట్‌లో ఆరో స్థానం. ఒత్తిడిలో బ్రేకు ముందే నొక్కాను. రెండో హీట్‌లో నాలుగు. ఆ హీట్ చివరి ల్యాపులో పక్క కారు నన్ను పైపు మీదికి తోసింది, మే నెలలో కొట్టిన కట్టకే మళ్లీ కొట్టాను, దాదాపు అదే వేగం. పరిగెత్తుకెళ్లి తెచ్చాను. ఎడమ ముందు ఆర్మ్ సగానికి విరిగి వేలాడుతోంది. పిన్ను నిటారుగా ఉంది. టబ్ మీద వేలు పెట్టి గోరుతో గీస్తూ ఆ చివర దాకా వెళ్లాను, ఎక్కడా తగల్లేదు.

ఫైనల్‌కి 15 నిమిషాలు ఉంది. చేతులు వణుకుతున్నాయి, టెన్షన్‌తో మొదటి స్క్రూ రెండుసార్లు జారింది. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా విరిగిన ముక్క నా చేతిలోంచి తీసుకుని కొత్త ఆర్మ్ అందించారు. పిన్ను దూర్చాను, వెనక్కి ఒక చుట్టు, టక్, ముందుకి బిగించాను. చక్రం పైకి కిందికి ఆడించి చూశాను. 11 నిమిషాలు.

ఫైనల్‌లో తొమ్మిది కార్లు మొదలైతే అయిదు పూర్తి చేశాయి. ఒకదానికి బెల్టు పోయింది, ఒకదానికి సర్వో, రెండు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయి. నేను మూడో స్థానం, 19 ల్యాపులు, మొదటి కారుకన్నా ఒక ల్యాపు తక్కువ. స్ట్రెయిట్‌లో నన్ను దాటి వెళ్లిన కార్లలో రెండింటిని చివరికి బల్ల మీద విప్పి ఉండగా చూశాను.

జూలై 6, ఆదివారం

రెండో రేసు, నాలుగో స్థానం, ఏమీ విరగలేదు. ఇంటికొచ్చి శుభ్రం చేస్తుంటే కుడి సి-హబ్ మీద వెంట్రుకలాంటి తెల్ల గీత కనిపించింది, ప్లాస్టిక్ ఒత్తిడికి గురైతే అలా తెల్లబడుతుంది. నడుస్తుంది కానీ మార్చేశాను.

వచ్చే ఆదివారం లష్కర్ బోనాలు, ట్రాక్ ఉండదు. ఆ వారంలో రెండు పనులు: ముందు ఆర్మ్‌లు ఇంకో జత తెప్పించాలి, డబ్బాలో పూర్తి జత ఒకటే మిగిలింది. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ డంపర్లు (చక్రాల కుదుపుని ఆపేవి) తీసి ఆయిల్ డంపర్లు పెట్టాలి, సిమెంటు ప్యాచ్ మీద వెనక చక్రాలు ఇంకా గెంతుతున్నాయి. డంపర్ రాడ్లకి బర్ర్ (కోతలో మిగిలిన గరుకు అంచు) ఉందేమో ముందు నాన్న చూస్తానన్నారు.